వేడెక్కని బీకరు

2022 నవంబరు. కరోనా తర్వాత బడులు మళ్లీ నిండుగా నడుస్తున్న ఏడాది. నాచారంలో ఫ్యాక్టరీల ప్రహరీగోడలు దాటాక మల్లాపూర్ వైపు తిరిగే రోడ్డు మీద ఒక ప్రైవేటు స్కూలు ఉండేది. అందులో పదో తరగతికి ఫిజికల్ సైన్సు చెప్పేదాన్ని. ఉప్పల్ నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. నాకు ముక్కు మీదే కోపమని ఇంట్లోనూ అంటారు, స్టాఫ్‌రూమ్‌లోనూ అనేవారు. కాదనను. కానీ ఈ సంగతి మొత్తం చదివాక, ఆ కోపం ఎక్కడ ఉండాల్సిందో మీరే చెప్పండి.

ఆ స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబు ఉండేది. ఉండేది అంటే, తాళం వేసి ఉండేది. అద్దాల బీరువాల్లో వరసగా సీసాలు, వాటి మీద ముద్దుగా అంటించిన లేబుళ్లు, గోడకు రంగురంగుల చార్టులు. అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులను తీసుకొచ్చి, లైట్లు వేసి, ఇదీ మా ల్యాబు అని చూపించి, లైట్లు ఆర్పి, మళ్లీ తాళం వేసేవారు. తాళంచెవి ప్రిన్సిపాల్ మేడం సొరుగులో ఉండేది. ఉత్సవ విగ్రహమైనా ఏడాదికోసారి బయటికి వస్తుంది. మా బీకర్లకు ఆ భాగ్యం కూడా లేదు. కొత్త కెమికల్స్ తెప్పించండి, పిల్లలను లోపలికి రానివ్వండి అని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టింది. చూద్దాం మేడం అనేవారు. ఆ చూడటం ఎన్నడూ జరగలేదు.

పదో తరగతిలో రసాయన చర్యల పాఠం ఉంటుంది. కొన్ని చర్యలు జరిగేటప్పుడు వేడి బయటికి వస్తుంది. వాటిని ఎగ్జోథర్మిక్ చర్యలు అంటాం, అంటే ఉష్ణమోచక చర్యలు. పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్ మీద నీళ్లు పోస్తే బీకరు వేడెక్కేది అందుకే. కొన్ని చర్యలు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటాయి, అవి ఎండోథర్మిక్, ఉష్ణగ్రాహక చర్యలు. ఇంతే పాఠం. బట్టీ పట్టడానికి నిమిషం చాలు. కానీ నా మటుకు నాకు, పిల్లవాడు చేత్తో ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కునేదాకా ఆ పాఠం చెప్పినట్టు కాదు. ఆ ఏడాది నా ముందు కూర్చున్న పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతులు ఎక్కువ భాగం ఫోన్లో చదివినవాళ్లు. బీకరును తెర మీద తప్ప చూసింది లేదు.

అలాంటి సమయంలో ఓపెన్ డే పెట్టారు. వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం చుట్టుపక్కల కాలనీల వాళ్లను పిలిచి స్కూలు చూపించే రోజన్నమాట. మేనేజ్‌మెంట్ తరఫున అకడమిక్ డైరెక్టర్ అని ఒకాయన ఉండేవాడు. నెలకోసారి కారులో దిగి, అందరికీ పని చెప్పి వెళ్లేవాడు. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ల్యాబులో తనే స్వయంగా పొడిసున్నం ప్రయోగం చేసి చూపిస్తాడట. పదో తరగతి పిల్లలు వరసగా వచ్చి బీకరు ముట్టుకుని, తల్లిదండ్రులకు అర్థమయ్యేలా తెలుగులో "వేడిగా ఉంది సార్" అని చెప్పాలట.

దానికి రెండు రోజులు రిహార్సల్. రిహార్సల్లో సున్నం లేదు, నీళ్లు లేవు. వేస్టు చెయ్యడం ఎందుకన్నారు. ఖాళీ బీకరు బల్ల మీద పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి ఆ ఖాళీ బీకరును ముట్టుకోవడం, "వేడిగా ఉంది సార్" అనడం, పక్కకు జరగడం. సరిగ్గా నవ్వలేదని కొందరితో మళ్లీ చేయించారు. నా కళ్ల ముందే ఇది జరుగుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. ఖాళీ బీకరు పట్టుకుని వేడి అని ఎలా అంటారండీ, కనీసం సున్నం పనిచేస్తుందో లేదో ఒకసారి చూసుకోవద్దా అని అడిగాను. డైరెక్టర్ నవ్వాడు. "ఆ రోజు ఎలాగూ నిజంగానే వేడెక్కుతుంది కదా మేడం. సైన్స్ మీరే చెప్పారు" అన్నాడు.

ఆ రెండు రోజులూ అఖిల అనే అమ్మాయి బడికి రాలేదు. వైరల్ జ్వరం. తండ్రి యాదగిరి నాచారంలోనే ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి మల్లాపూర్‌లో అద్దెకున్న కుటుంబం. అఖిల పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. అడిగితే తప్ప నోరు విప్పదు, విప్పితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. ఓపెన్ డే నాటికి జ్వరం తగ్గి వచ్చింది. వరసలో నిలబెట్టారు. ముందున్న వాళ్లను చూసి చెప్పేస్తుందిలే అనుకున్నారు.

శనివారం ల్యాబు తెరిచారు. గది నిండా తల్లిదండ్రులు. డైరెక్టర్ తెల్లకోటు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, చేతులకు మందపాటి గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఫొటోగ్రాఫర్ సిద్ధంగా ఉన్నాడు. బీరువాలోంచి పొడిసున్నం సీసా తీసి, బీకరులో పొడి వేసి, నీళ్లు పోశాడు. తాజా సున్నం అయితే బుస్సుమని పొంగాలి, ఆవిరి లేవాలి. ఏమీ కాలేదు. పొడి నీళ్లలో కలిసి పల్చటి మజ్జిగలా అయింది. నాకు వెంటనే అర్థమైంది. దగ్గరికి వెళ్లి, సార్, ఈ సున్నం పాడైపోయింది అని మెల్లగా చెప్పాను. మీరు మధ్యలో రాకండి అన్నాడు. గ్లవ్స్ ఉన్నాయి కాబట్టి ఆయన చేతికి ఏమీ తెలిసే వీలు లేదు.

పిల్లలు మొదలుపెట్టారు. మొదట సాయితేజ వచ్చాడు. ముట్టుకున్నాడు, "వేడిగా ఉంది సార్" అన్నాడు. తర్వాతి పిల్ల అంది. ఆ తర్వాతి వాడు అన్నాడు. తల్లిదండ్రులు తలలూపుతున్నారు. అఖిల వంతు వచ్చింది. బీకరు మీద అరచెయ్యి పెట్టింది. తీసి, అడుగు వైపు మళ్లీ పెట్టింది. రెండో చెయ్యి కూడా వేసి చూసింది. తలెత్తి డైరెక్టర్‌తో చెప్పింది.

"చల్లగనే ఉంది సార్."

డైరెక్టర్ నవ్వు మొహంతోనే, సరిగ్గా పట్టుకుని చూడమ్మా అన్నాడు. అఖిల మళ్లీ పట్టుకుని, మళ్లీ అదే చెప్పింది. ఆ పిల్ల గొంతులో ఎగతాళి లేదు, మొండితనం లేదు. అడిగారు కాబట్టి చెప్పింది. ఇంతలో వెనక నుంచి ఒక తండ్రి ముందుకొచ్చి, తనే బీకరు పట్టుకుని చూసి, పకపకా నవ్వాడు. "పాప చెప్పింది కరెక్టే సార్. సల్లగనే ఉన్నది" అన్నాడు. గదంతా నవ్వింది. ముందు వేడి అన్న పిల్లలు తలలు దించుకున్నారు.

డైరెక్టర్‌కు అవమానమైంది. అయితే ఎవరి వల్ల? ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని సీసా వల్ల, ఖాళీ బీకరుతో రిహార్సల్ చేయించిన తన తెలివి వల్ల. ఆయన లెక్కలో మాత్రం తప్పు అఖిలది. ఆ సాయంత్రమే తీర్పు వచ్చింది. ఆ పిల్ల కావాలని స్కూలు పరువు తీసింది. బుధవారం అసెంబ్లీలో మైకు ముందు నిలబడి, "బీకరు వేడిగానే ఉంది, నేను కావాలని అబద్ధం చెప్పాను, సారీ" అనాలి. అనకపోతే టీసీ ఇచ్చి పంపిస్తారు. పదో తరగతి సగం దాటాక టీసీ అంటే ఆ పిల్లను నడిరోడ్డు మీద నిలబెట్టడమే. ఏ స్కూలు చేర్చుకుంటుంది?

సోమవారం పొద్దున్నే, ఓపెన్ డే హడావుడిలో తాళం వేయకుండా వదిలేసిన ల్యాబులోంచి ఆ సీసా, ఒక బీకరు, థర్మామీటరు తీసుకుని, మంచినీళ్ల బాటిలు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఆమె చూస్తుండగానే సున్నం వేశాను, నీళ్లు పోశాను. థర్మామీటరులో పాదరసం ఉన్నచోటే ఉంది. సీసా మూత పగిలి ఉందని చూపించాను. మూత సరిగ్గా లేకపోతే పొడిసున్నం గాలిలోని తేమ పీల్చుకుని మెల్లమెల్లగా తడిసున్నంగా మారిపోతుంది. ఇవ్వాల్సిన వేడంతా ఆ బీరువాలోనే, ఎవరూ చూడకుండా, ఎప్పుడో ఇచ్చేసి ఉంటుంది. ఇంక దాని మీద బిందెడు నీళ్లు పోసినా వేడెక్కదు. ఇదంతా చెప్పి, ఇప్పుడు చెప్పండి మేడం, ఎవరు అబద్ధం చెప్పారు అని అడిగాను.

ప్రిన్సిపాల్ బీకరును చేత్తో ముట్టుకోనేలేదు. కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"చల్లగ ఉన్నదని నాకు గా రోజే తెలుసు మేడం. అయితే ఏం జెయ్యమంటరు? అంతమంది ముందట సార్ ఇజ్జత్ పోయింది. ఎవరో ఒకరు సారీ చెప్పాలె గద."

తెలియక చేశారనుకుని నేను థర్మామీటరు పట్టుకుని పరుగెత్తాను. చూపిస్తే ఒప్పుకుంటారనుకున్నాను. తెలిసే చేస్తున్నారు. తెలియని వాళ్లకు చెప్పొచ్చు, తెలిసిన వాళ్లకు ఏం చెప్తాం? ఆ పిల్లతో ఆ మాటలు మీరే బాగా ప్రాక్టీస్ చేయించండి, సైన్స్ టీచర్ కదా అని కూడా అంది. నేను చెయ్యనన్నాను. మెడ పట్టి గెంటినా చెయ్యనన్నాను. అయితే నేనే చేయిస్తా అంది.

మంగళవారం మధ్యాహ్నం యాదగిరి వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా వచ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ల్యాబు బయట మెట్ల మీద కూర్చుని అఖిలతో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ పిలిచి అంతా చెప్పిందట. ఇది తప్పని, మీ అమ్మాయి నిజమే చెప్పిందని, కావాలంటే పైకి కంప్లయింటు ఇద్దామని, నేను సాక్ష్యం చెప్తానని అన్నాను. చేతులు జోడించాడు.

"మీరు మా పిల్ల దిక్కు ఉన్నరు, గది చాలు మేడం. కంప్లయింటు ఇచ్చుకుంట తిరిగితే పరీచ్చలు ఆగుతయా? జర మీరే సముదాయించున్రి. ఒక్క మాట అంటే ఏం పోతది?"

అఖిల తల ఎత్తలేదు. "నేను అబద్ధం చెప్పలే డాడీ" అంది.

"నువ్వు చెప్పలేదని నాకు ఎరుకనే బిడ్డా" అన్నాడు యాదగిరి. "ఎరుక ఉండి కూడ అడుగుతున్న."

ఆయన మీద కూడా కోపం రాబోయింది నాకు. రాలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూసి ఉంటే మీకూ వచ్చేది కాదు. తను రాత్రంతా మెషీన్ ముందు నిలబడి చదివిస్తున్నది ఏ బడిలోనో, ఆ బడే తన కూతురి చేత అబద్ధం చెప్పించమని తననే అడుగుతోంది. అడుక్కునేలా చేసింది. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ, అఖిలతో ఏం చెప్పాలా అని ఉప్పల్ రింగ్ రోడ్డు వచ్చేదాకా ఆలోచించాను. చెప్పెయ్యమ్మా అనడానికి నోరు రాదు. చెప్పొద్దు అంటే పోయేది నా చదువు కాదు. చివరికి ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు.

బుధవారం అసెంబ్లీ. డైరెక్టర్ ప్రత్యేకంగా వచ్చి ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు, చేతిలో ఫోను. ప్రార్థన అయింది, వార్తలు చదివారు, ఆ తర్వాత అఖిలను పిలిచారు. జడలు గట్టిగా బిగించి, రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. మైకు ఎత్తుగా ఉంటే పీఈటీ సార్ కిందికి దించాడు. నేను పదో తరగతి వరస పక్కన నిలబడి ఉన్నాను. అఖిల ఎవరివైపూ చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"శనివారం నేను బీకరు పట్టుకున్న. అది చల్లగనే ఉండె. చల్లగ ఉన్నదని చెప్పినందుకు సారీ."

అంతే. దండం పెట్టి పక్కకు జరిగింది. డైరెక్టర్ ఫోన్లోంచి తల ఎత్తాడు. ఆయన ఎదురు చూస్తున్నది సారీ అనే మాట కోసం, అది వినబడింది. తృప్తిగా తలాడించి చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని పీఈటీ సార్ కొట్టాడు. సార్లు కొట్టారని బడంతా కొట్టింది. పదో తరగతి వరసలో మాత్రం చప్పట్లు కొంచెం ఆలస్యంగా మొదలై, అందరూ ఆపేశాక కూడా ఆగలేదు. వాళ్లకు అర్థమైంది.

ప్రిన్సిపాల్‌కు కూడా అర్థమైంది. అసెంబ్లీ కాగానే నన్ను తన గదికి పిలిచి, గిట్ల చెప్పుమని మీరే నేర్పిన్రా అని అడిగింది. నేర్పితే వేడిగా ఉందనే చెప్పేది మేడం, మనం నేర్పేది అదే కదా అన్నాను. ఆ ఊపులోనే ల్యాబు తాళంచెవి అడిగాను. ఆమె సొరుగు తీసి తాళంచెవి బల్ల మీద పెట్టింది. "సార్ కారెక్కినంక తెరువున్రి" అంది. డైరెక్టర్‌కు జరిగింది ఏమిటో ఆమె చెప్పలేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమెకు నా నుంచి దక్కాల్సిన మర్యాద అంతవరకే.

మర్నాడు ఉప్పల్లో వెల్ల వేసే సున్నం అమ్మే దుకాణానికి వెళ్లి, తాజా సున్నపు రాళ్లు కొని, గట్టి మూత ఉన్న డబ్బాలో వేసుకుని తీసుకెళ్లాను. పదో తరగతి మొత్తాన్ని ల్యాబులోకి తోలాను. ఈ ప్రయోగంలో జాగ్రత్తలున్నాయి. సున్నం బీకరు అడుగున కొద్దిగానే వెయ్యాలి, నీళ్లు కొంచెం కొంచెంగా పొయ్యాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, మొహాలు దూరంగా ఉంచాలి. అవన్నీ చెప్పి నీళ్లు పోశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బుస్సుమంది. రాయి పగిలి పొడిపొడిగా విచ్చుకుంది, తెల్లటి ఆవిరి లేచింది, థర్మామీటరులో పాదరసం పిల్లలు చూస్తుండగానే పైకి పాకింది. పొంగు తగ్గాక, వేలి వెనకవైపుతో ఒక్కసారి తాకి తీసెయ్యమన్నాను. తాకినవాళ్లు తాకినట్టే చేతులు లాక్కుని అరిచారు. ఆ అరుపు ఏ రిహార్సల్లోనూ రాదు.

అఖిల కూడా తాకింది. చెయ్యి గభాల్న తీసుకుంది. "వేడిగా ఉంది మేడం" అంది. శనివారం నుంచి ఆ పిల్ల నోట బలవంతంగా పలికించాలని చూసిన మాటే అది. ఎవరూ అడగకుండా చెప్పింది.

అందరూ వెళ్లిపోతుంటే సాయితేజ ఆగాడు. ఓపెన్ డే నాడు మొదట బీకరు ముట్టుకున్నవాడు. చాలాసేపు నసిగి, చివరికి చెప్పాడు.

"మేడం, ఆ రోజు అందరు అబద్ధం చెప్పిన్రు అంటున్నరు. నేను చెప్పలే మేడం. నాకు నిజంగనే వేడి అనిపిచ్చింది."

వాడి కళ్లలో నీళ్లున్నాయి. వాడు అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. రెండు రోజులు ఖాళీ బీకరు పట్టుకుని వేడి వేడి అని అనిపిస్తే, మూడో రోజు చల్లటి బీకరు కూడా వాడి చేతికి వేడిగానే తగిలింది. నీ తప్పేం లేదురా అని వాడి వీపు తట్టి పంపించాను. వాడు వెళ్లాక గది తలుపు వేసి, ఆ పాడైపోయిన సున్నం సీసాను సింకులో విసిరికొట్టాను. ముక్కలైంది. ఇప్పటికీ దానికి నాకు బాధ లేదు. అబద్ధమాడే పిల్లవాడిని దారికి తేవచ్చు. తన చెయ్యి ఏం చెప్తోందో తనకే తెలియకుండా పోయిన పిల్లవాడిని ఏం చెయ్యాలి? ఫీజు కట్టించుకుని మరీ ఆ పని చేశాం.

అఖిల పరీక్షలు రాసింది, పాసైంది, ఉప్పల్లో ఇంటర్‌లో చేరింది. ఆ ఎండాకాలం తర్వాత నన్ను ఆ స్కూలు మళ్లీ పిలవలేదు. ఎందుకని నేను అడగలేదు, అడిగే అవసరం కూడా లేదు. ఇప్పుడు ఉప్పల్లోనే ఇంకో స్కూల్లో చెప్తున్నాను. ఇక్కడ ల్యాబు చిన్నదే, కానీ దాని తాళంచెవి నా బ్యాగులో ఉంటుంది.

ఆ సంగతి నాకు నేర్పిన పని ఒకటుంది. ఏటా ఈ పాఠం పుస్తకం తెరవకముందే ల్యాబులో చెప్తాను. బల్ల మీద రెండు బీకర్లు పెడతాను. ఒకదాంట్లో తాజా సున్నం, ఇంకోదాంట్లో నేనే మూత తీసి నెలల తరబడి గాలికి వదిలేసిన పాత సున్నం. ఏది ఏదో చెప్పను. నీళ్లు పోసి, పిల్లలను తాకి చూసి రాయమంటాను, అంతే. మొన్న ఒక పాప రెండో బీకరు దగ్గర ఆగిపోయింది. తాకింది, మళ్లీ తాకింది, చుట్టూ ఉన్నవాళ్ల కాగితాల్లోకి తొంగి చూసింది. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మేడం, ఇది చల్లగనే ఉన్నది. నేనేమన్న తప్పు జేసిన్నా?"

మళ్లీ అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పాప మీద కాదు. పదిహేనేళ్లు కూడా రాని పిల్లకు, తన చేతికి తగిలిన చల్లదనానికి కూడా ఎవరినో క్షమాపణ అడగాలని ఇంతలోనే నేర్పింది ఎవరో, వాళ్ల మీద. ఆ పాపకు మాత్రం నెమ్మదిగానే చెప్పాను. నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా, చల్లగా ఉంటే చల్లగా ఉందనే రాయి అన్నాను. వెళ్లి రాసుకుంది.